నీలి ప్యానెలా, నల్ల ప్యానెలా: మన డాబా మీదికి ఏ సిలికాన్ సెల్?

మొన్న వేసవిలో నరసరావుపేట నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, డాబా మీద సోలార్ ప్యానెళ్లకి ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు. ఒకళ్లు పాలీ అంటారు, ఒకళ్లు మోనో పర్క్ అంటారు, ఇంకొకళ్లు టాప్‌కాన్ బైఫేషియల్ అంటున్నారు. అన్నీ మూడు కిలోవాట్లే, రేట్లు మాత్రం మూడు రకాలు. ఇందులో మోసం ఎక్కడుంది?"

మోసం ఏమీ లేదు. పేర్లు ఎన్ని ఉన్నా లోపల ఉన్నది ఒకటే పదార్థం, సిలికాన్. ప్యానెల్ అంటే ఎండని కరెంటుగా మార్చే సిలికాన్ బిళ్లల వరస, ఒక్కో బిళ్ల ఒక సెల్. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు పనికొచ్చే మొదటి సిలికాన్ సెల్ చేసినప్పుడు దాని మీద పడిన ఎండలో ఆరు శాతం మాత్రమే కరెంటుగా మారింది. ఇవాళ మన డాబాల మీదికి వచ్చే ప్యానెళ్లలో అది ఇరవై రెండు దాటింది. ఈ డెబ్బై ఏళ్లలో జరిగిన పని ఎక్కువగా ఒకే రకం: ఎండ తగిలి లోపల విడివడిన ఎలక్ట్రాన్ కరెంటుగా బయటికి రాకుండా ఎక్కడ పోతోందో పట్టుకుని ఆ చిల్లు మూయడం. మోనో, పర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ అని వినిపించే పేర్లు ఏ చిల్లు మూశారో చెప్పే పేర్లని అనుకోండి. ఇది మనసులో పెట్టుకుంటే కొటేషన్ చదవడం తేలికవుతుంది.

పాలీ, మోనో: తేడా కంటికి కనిపిస్తుంది

కొత్త జీఐ బకెట్ ఎప్పుడైనా ఎండలో తిప్పి చూశారా? దాని మీద పువ్వుల్లా, ముక్కలు ముక్కలుగా మెరుపులు కనిపిస్తాయి. ఒక్కో ముక్క ఒక్కో స్ఫటికం. పాలీ సెల్‌ని దగ్గరగా చూసినా అంతే, నీలి రంగులో అచ్చం అలాంటి ముక్కలే. సిలికాన్‌ని 1414 డిగ్రీల పైన కరిగించి, పెద్ద చదరపు మూసలో పోసి చల్లార్చితే అది ఎక్కడికక్కడ గడ్డకట్టి వందల స్ఫటికాలు అవుతుంది. ఆ దిమ్మెను పలచటి బిళ్లలుగా కోస్తారు. పని తేలిక, ఖర్చు తక్కువ. చిక్కు ఎక్కడంటే, ఒక స్ఫటికం అయిపోయి ఇంకొకటి మొదలయ్యే అతుకు దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుని పోతాయి.

మోనోలో అతుకులు ఉండవు. కరిగిన సిలికాన్‌లో చిన్న స్ఫటికం ముక్కను ముంచి, తిప్పుతూ, చాలా నెమ్మదిగా పైకి లాగుతారు. దాన్ని అంటుకుని పొడవాటి గుండ్రటి కడ్డీ తయారవుతుంది, మొత్తం ఒకే స్ఫటికం. పోలండ్‌కి చెందిన యాన్ చోక్రాల్‌స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతి ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. గుండ్రటి కడ్డీని చదరంగా చెక్కాలి కాబట్టే కొంచెం పాత మోనో సెల్స్‌కి నాలుగు మూలలూ కోసినట్టు ఉండి, వాటి మధ్య తెల్లటి డైమండ్ గుర్తులు కనిపిస్తాయి. రంగు నలుపు.

ఆచరణలో తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. 335 వాట్ల పాలీ ప్యానెల్ దాదాపు 21 చదరపు అడుగులు ఉంటుంది. 540 వాట్ల మోనో పర్క్ దాదాపు 28 చదరపు అడుగులు. 580 వాట్ల టాప్‌కాన్ కూడా అదే 28 అడుగులు. మీ డాబా మీద ప్యానెళ్లకి 168 చదరపు అడుగులు దొరికిందనుకోండి. అందులో పాలీ ఎనిమిది పడతాయి, 2.68 కిలోవాట్లు. పర్క్ ఆరు పడతాయి, 3.24 కిలోవాట్లు. టాప్‌కాన్ ఆరు పెడితే 3.48 కిలోవాట్లు. మధ్యలో నడవడానికి వదిలే ఖాళీ వీటికి అదనం.

ఇక్కడ చాలామంది పొరపడతారు. మూడు కిలోవాట్ల పాలీ అయినా, మూడు కిలోవాట్ల టాప్‌కాన్ అయినా ఇచ్చే యూనిట్లు దాదాపు ఒకటే. మన దగ్గర కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు లెక్క వేసుకోవచ్చు. సామర్థ్యం ఎక్కువ అంటే తక్కువ చోటులో అన్ని కిలోవాట్లు పట్టడం, అంతే. "టాప్‌కాన్ వేస్తే మూడు కిలోవాట్లకే డబుల్ కరెంటు వస్తుంది" అని ఎవరైనా చెబితే, ఆ మనిషికి తన వస్తువు గురించి తెలియదని అర్థం.

పాలీ విషయం ఇక్కడితో తేల్చేస్తాను. పెద్ద కంపెనీలు దీని తయారీ దాదాపు వదిలేశాయి, బయట దొరుకుతున్నది చాలావరకు పాత స్టాక్. పొలంలో బోరు మోటారు దగ్గర బోలెడంత చోటు ఉండి, బాగా చవగ్గా వస్తే తీసుకోండి. ఇంటి మీదికి వద్దు. ప్యానెళ్ల సంఖ్య పెరిగితే కింద ఇనుప స్ట్రక్చరూ, కేబులూ, బిగించే కూలీ పెరుగుతాయి. ప్యానెల్‌లో మిగిలిన డబ్బు అక్కడ పోతుంది.

పర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ

మోనోలో అతుకుల బాధ లేదు. మిగిలిన చిల్లు సెల్ వెనకవైపు ఉంది. పాత మోనో సెల్ వీపంతా అల్యూమినియం పూత ఉండేది. అది సిలికాన్‌కి తగిలే ప్రతిచోటా ఎలక్ట్రాన్లు పోతుండేవి. 1980ల్లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మార్టిన్ గ్రీన్ బృందం ఆ రెంటి మధ్య ఒక రక్షణ పొర వేసి, లోహం అక్కడక్కడ మాత్రమే తగిలేలా చేసింది. అదే పర్క్. ఇళ్ల మీదికి రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

పర్క్‌లో ఇంకా రెండు లోపాలు ఉండిపోయాయి. లోహం తగిలే ఆ కొద్ది చోట్లలో నష్టం అలాగే ఉంది. రెండోది, పర్క్‌కి వాడే సిలికాన్‌లో బోరాన్ కలిపేవాళ్లు. బోరాన్ లోపలి ఆక్సిజన్‌తో జతకట్టడం వల్ల ఎండ తగిలిన మొదటి రోజుల్లోనే సెల్ శక్తి కొంత పడిపోయేది. బోరాన్ బదులు గాలియం వాడటం మొదలుపెట్టాక ఈ ఇబ్బంది చాలా తగ్గింది.

టాప్‌కాన్‌ది వేరే దారి. సిలికాన్‌లో బోరాన్ బదులు ఫాస్ఫరస్ కలుపుతారు, దీన్నే ఎన్-టైప్ అంటారు, కాబట్టి ఆ జతకట్టే గొడవే ఉండదు. వెనకవైపు ఒకటి రెండు నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర, దాని మీద ఇంకో సిలికాన్ పొర వేస్తారు. లోహం నేరుగా సెల్‌కి తగలదు. పొర అంత పలచన కాబట్టి కావలసిన కరెంటు దాన్ని దాటుకుని వచ్చేస్తుంది, నష్టం మాత్రం ఆగిపోతుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2013లో దీన్ని బయటపెట్టింది. పర్క్ లైన్ ఉన్న ఫ్యాక్టరీలోనే కొన్ని యంత్రాలు అదనంగా పెడితే టాప్‌కాన్ చేయొచ్చు. ఇంత తొందరగా మార్కెట్‌ని పట్టుకోవడానికి కారణం అదే.

హెచ్‌జేటీ జపాన్‌లో సాన్యో కంపెనీ పెంచిన బిడ్డ, 1990ల నుంచి ఉంది. ఇందులో స్ఫటిక సిలికాన్‌కి రెండువైపులా స్ఫటికం కాని సిలికాన్‌తో పలచటి పొరలు వేస్తారు, శాండ్‌విచ్ లాగా. కాలిక్యులేటర్ మీద చిన్న గోధుమ రంగు పట్టీ ఉంటుంది చూడండి, అది ఈ స్ఫటికం కాని సిలికాన్‌తో చేసిందే. విడిగా అది డాబాకి పనికిరాదు, ఆరేడు శాతం దగ్గరే ఆగిపోతుంది, ఎండలో పెట్టిన కొత్తలో శక్తి కూడా పడిపోతుంది. పూతగా వేస్తే మాత్రం సెల్ ఉపరితలం మీద చిల్లులన్నీ చక్కగా మూస్తుంది. హెచ్‌జేటీ ఖరీదు కావడానికి వెండి వాడకం ఎక్కువ కావడం, యంత్రాలన్నీ వేరే కావడం కారణాలు.

లోహపు గీతలన్నీ వెనక్కి పెట్టేసిన బ్యాక్ కాంటాక్ట్ సెల్స్ కూడా ఉన్నాయి. ముందువైపు ఒక్క గీత లేకుండా నల్లగా అద్దంలా ఉంటాయి. చూడటానికి అందంగా ఉంటాయి, ధర ఎక్కువ, మన ఊళ్లలో సర్వీసు చేసేవాళ్లు దొరకడం కష్టం. అంతకంటే చెప్పేది లేదు.

రోహిణి కార్తె లెక్క

మనకి అసలు పరీక్ష వేడి దగ్గర. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి డాబా మీద ప్యానెల్ గతి ఏమిటి? ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలలో నరసరావుపేటలో, రెంటచింతలలో, అటు రామగుండంలో, కొత్తగూడెంలో మధ్యాహ్నం రెండింటికి ప్యానెల్ వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. రెండు క్షణాలు కూడా ఉంచలేరు. గాలి 42 డిగ్రీలుంటే లోపలి సెల్ 65 దాటడం మామూలు. సిలికాన్ వేడెక్కే కొద్దీ వోల్టేజీ పడిపోతుంది. ప్యానెల్‌కి కావలసింది వెలుగు, వేడి దానికి శత్రువే. ఎండలు మండిపోయే మే నెలలో కంటే మార్చిలో ఎక్కువ యూనిట్లు వచ్చాయని కొందరు ఆశ్చర్యపోతారు. అందులో వింతేం లేదు.

ప్రతి డిగ్రీకి ఎంత పడిపోతుందో డేటాషీట్‌లో రాస్తారు. పాలీకి దాదాపు 0.40 శాతం, పర్క్‌కి 0.35 అటూ ఇటూ, టాప్‌కాన్‌కి 0.30, హెచ్‌జేటీకి 0.25. సెల్ 65 డిగ్రీలుంటే 25 మీద 40 డిగ్రీలు ఎక్కువ. అంటే ఆ సమయంలో పాలీ 16 శాతం, పర్క్ 14, టాప్‌కాన్ 12, హెచ్‌జేటీ 10 శాతం పోగొట్టుకుంటాయి.

ఈ లెక్క చూపించి "మన ఎండకి హెచ్‌జేటీనే" అని గట్టిగా చెప్పేవాళ్లు ఉంటారు. నాకైతే అంత నమ్మకం లేదు. పర్క్‌కి, టాప్‌కాన్‌కి మధ్య తేడా ఆ మండే గంటల్లో రెండు శాతం. పొద్దున, సాయంత్రం, చలికాలం కలుపుకుంటే ఇంకా తక్కువ. ప్యానెల్ కింద గాలి ఆడకుండా రేకుకి ఆనించి బిగిస్తే సెల్ ఇంకో ఏడెనిమిది డిగ్రీలు వేడెక్కినా ఈ తేడా మొత్తం అక్కడే పోతుంది. రెండు మూడు వారాలు దుమ్ము తుడవకపోయినా అంతే. కొటేషన్‌లో సెల్ పేరు చూసినంత శ్రద్ధగా స్ట్రక్చర్ ఎత్తు చూడండి, కింద గాలి పోయే దారి ఉందా అని అడగండి.

వయసు మీద పడ్డాక

టాప్‌కాన్ నిజంగా ముందుండేది ఇక్కడే అని నా అభిప్రాయం. చాలా డేటాషీట్లలో పర్క్‌కి మొదటి ఏడాది 2 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.55 శాతం తగ్గుదల రాస్తారు. 25 ఏళ్లకి 84.8 శాతం మిగలాలి. టాప్‌కాన్‌కి మొదటి ఏడాది 1 శాతం, తర్వాత 0.4. అంటే 25 ఏళ్లకి 89.4 శాతం. చాలామంది 30 ఏళ్ల పవర్ వారంటీ కూడా ఇస్తున్నారు. పాతికేళ్లు డాబా మీద ఉండే వస్తువు కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. టాప్‌కాన్ సెల్ మీది లోహపు గీతలు తేమకి కొంచెం సున్నితం. వెనక ప్లాస్టిక్ షీటు ఉన్న ప్యానెళ్లలో తేమ లోపలికి చేరే అవకాశం ఎక్కువ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి చోట్ల ఉండేవాళ్లు టాప్‌కాన్ తీసుకుంటే రెండువైపులా గాజు ఉన్నదే అడగండి, ఉప్పు గాలి పరీక్ష ఐఈసీ 61701 పాసైందా అని కూడా చూడండి. రెండు గాజుల ప్యానెల్ నాలుగైదు కిలోలు ఎక్కువ బరువు. స్ట్రక్చర్ దానికి తగ్గట్టు ఉండాలి. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకి గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. కోస్తాలో ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయించుకునేవాళ్లు బేస్ ప్లేట్లు, యాంకర్ బోల్టులు దగ్గరుండి చూసుకోవాలి.

బైఫేషియల్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలా?

బైఫేషియల్ అంటే సెల్ రకం కాదు. పర్క్, టాప్‌కాన్, హెచ్‌జేటీ ఏదైనా వెనక కూడా గాజు వేస్తే కిందినుంచి వచ్చే వెలుగునీ వాడుకుంటుంది. వెనకవైపు శక్తి ముందువైపుతో పోలిస్తే పర్క్‌కి 70 శాతం దాకా, టాప్‌కాన్‌కి 80, హెచ్‌జేటీకి 85 పైన. కానీ కింద వెలుగు ఉంటేగా! రేకుల మీద అరడుగు ఎత్తులో పడుకోబెడితే వెనక చీకటే. ఎత్తు స్ట్రక్చర్, కింద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ ఉంటే నాలుగైదు శాతం ఎక్కువ రావచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పటి నుంచి తెల్ల పెయింట్ వేయించుకునేవాళ్లు పెరిగారు. అలాంటి ఇంటికి బైఫేషియల్ బాగా కుదురుతుంది. కింద బట్టలు ఆరేసుకోవడానికో, మంచాలు వేసుకోవడానికో ఎత్తు లేపుతున్న మా బాబాయి లాంటివాళ్లకీ సరే.

సబ్సిడీ కావాలంటే

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకీ ఆ పైనా మొత్తం 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. షరతు ఏమిటంటే ప్యానెల్ డీసీఆర్ అయి ఉండాలి, అంటే సెల్లూ ప్యానెలూ రెండూ మన దేశంలోనే తయారై ఉండాలి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. "మేడ్ ఇన్ ఇండియా" అని ఉన్నంత మాత్రాన డీసీఆర్ కాదు. బయటి దేశం నుంచి సెల్ తెచ్చి ఇక్కడ ప్యానెల్‌గా అతికించినవి చాలా ఉన్నాయి. డీసీఆర్ ప్యానెల్ ధర ఎక్కువ, మూడు కిలోవాట్లకి మాత్రం సబ్సిడీ ఆ తేడాని మించే ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో ప్రీమియర్ ఎనర్జీస్ లాంటి కంపెనీలు సెల్స్ కూడా ఇక్కడే చేస్తున్నాయి. డీసీఆర్‌లో పర్క్ తేలిగ్గా దొరికేది, టాప్‌కాన్ కూడా వస్తోంది. మీకు దొరికిన డీసీఆర్ ఏ రకమైతే ఆ రకమే మీ ఎంపిక కావచ్చు, దానికి బాధపడాల్సిన పని లేదు.

లేబుల్ చదవండి

మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొటేషన్‌లో టాప్‌కాన్ 580 అని రాసి ఇచ్చారు. ప్యానెళ్లు లారీ దిగాయి, కుర్రాళ్లు మేడ ఎక్కించేశారు. ముందు నుంచి చూస్తే పర్క్‌కి టాప్‌కాన్‌కి తేడా తెలియదు, రెండూ నలుపే, రెండూ ఒకే సైజు. బిగించేముందు ఒకటి బోర్లా తిప్పి లేబుల్ చూస్తే 540 అని ఉంది. ఆరింటిమీదా అదే. ఒక్కోదానికి 40 వాట్లు, మొత్తం 240 వాట్లు తక్కువ. అడిగితే "రెండూ మోనోనే కదా మేడమ్, ఏం తేడా ఉండదు" అన్నారు. ఉంటుంది. 240 వాట్లంటే నెలకి దాదాపు 29 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏడాదికి రెండు వేల పైనే. గంటసేపు మాట్లాడాక వెనక్కి తీసుకెళ్లి పది రోజులకి సరైనవి తెచ్చారు. బిగించేశాక చూసి ఉంటే ఆ ప్యానెళ్లతోనే పాతికేళ్లు గడపాల్సి వచ్చేది.

అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు కొటేషన్‌లో కంపెనీ పేరు, మోడల్ నంబరు, వాట్లు, డీసీఆర్ అవునో కాదో రాయించుకోండి. సరుకు దిగాక ప్రతి ప్యానెల్ వెనక లేబుల్, సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. ధర తేడా చూసేటప్పుడు నేను పైన వేసిన లెక్కే వేయండి. ఎక్కువ వచ్చే యూనిట్లకి ఏడాదికి ఎంత మిగులుతుందో చూసి, అదనంగా అడుగుతున్న డబ్బు ఐదారేళ్లలో తిరిగి వస్తుందంటే తీసుకోవచ్చు.

మీ డాబాని బట్టి

చోటు ఇరుకైతే, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి అంతస్తు మధ్య నాలుగైదు ప్యానెళ్లే పడతాయంటే టాప్‌కాన్‌కి వెళ్లండి. చోటు ధారాళంగా ఉండి, సబ్సిడీకి డీసీఆర్ పర్క్ మంచి ధరకి వస్తే అదే మంచి బేరం. హెచ్‌జేటీని ధర దగ్గరకి వచ్చినప్పుడే చూడండి. అప్పుడు కూడా ఇన్వర్టర్‌ని మర్చిపోకండి. 700 వాట్ల పెద్ద ప్యానెళ్లు 18 ఆంపియర్ల దాకా ఇస్తాయి, ఇన్వర్టర్ ఇన్‌పుట్ అంత తట్టుకోవాలి.

ట్యాంకు నీడ, కొబ్బరాకు నీడ పడే డాబా అయితే ఏ సెల్ అయినా నష్టమే. ఇప్పుడు వచ్చే హాఫ్‌కట్ ప్యానెళ్లు పై సగం, కింది సగం విడివిడిగా పనిచేస్తాయి కాబట్టి కింది అంచున నీడ పడితే పై సగమైనా బతుకుతుంది. అది కూడా ప్యానెల్‌ని నిలువుగా పెట్టినప్పుడే. సెల్ రకం కోసం పదివేలు ఎక్కువ పెట్టే బదులు ట్యాంకుని ఉత్తరం వైపు జరిపించడానికి అందులో సగం పెట్టండి.

ఇదివరకే పాలీ ఉన్నవాళ్లు కొన్ని ప్యానెళ్లు కలపాలనుకుంటే, పాతవాటి వరసలోనే కొత్తవి కలపకండి. 335 వాట్ల పాలీ తొమ్మిది ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, కొత్తవి పదమూడు పైన ఇవ్వగలవు. ఒకే వరసలో ఉంటే కొత్తవి కూడా తొమ్మిదికే దిగిపోతాయి. ఇన్వర్టర్‌లో రెండో ఎంపీపీటీ, అంటే ఒక వరసని విడిగా నడిపించే ఇన్‌పుట్, ఉంటే కొత్తవి దానికి వేరుగా కలిపించండి.

మా బాబాయి చివరికి ఆరు టాప్‌కాన్, రెండు గాజులవి, డీసీఆర్ రాయించుకుని పెట్టించాడు. దక్షిణానికి, పదహారు డిగ్రీల వాలుతో, కింద తెల్ల పెయింట్. లేబుళ్ల ఫొటోలు ఆరూ నాకు వాట్సాప్‌లో పంపి, "అన్నిటిమీదా 580 ఉందమ్మా, బోల్టులు బిగించమని చెప్పనా?" అని అడిగాడు.